తిమింగల సొర సంచార పరిశీలన

తిమింగల సొర సంచార పరిశీలన అంటే ప్రపంచంలోకెల్లా పెద్ద చేప అయిన తిమింగల సొర (వేల్ షార్క్) ఏ సముద్రంలో ఎక్కడ తిరుగుతున్నది, ఎంత లోతుకు దిగుతున్నది, ఏ కాలంలో ఏ తీరానికి చేరుతున్నది అనే విషయాలను తెలుసుకొనే శాస్త్రీయ ప్రక్రియ. ఇందుకు ముఖ్యంగా రెండు మార్గాలు ఉన్నాయి. చేప ఒంటిమీది చుక్కలను ఫోటో తీసి పాత ఫోటోలతో పోల్చి చూడటం మొదటిది. చేపకు చిన్న పరికరాన్ని తగిలించి ఉపగ్రహం ద్వారా దాని జాడ కనుగొనడం రెండవది.

ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సమాఖ్య (ఐ.యు.సి.ఎన్.) 2016లో ఈ చేపను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. గడచిన 75 సంవత్సరాలలో హిందూ, పసిఫిక్ మహాసముద్రాలలో వీటి సంఖ్య 63 శాతం మేరకు తగ్గినట్లు ఆ సంస్థ అంచనా. భారతదేశంతో సహా అనేక దేశాలు ఈ చేపను పట్టడాన్ని నిషేధించాయి. కాని ఒక దేశపు చట్టం ఆ దేశపు జలాలకే పరిమితం. చేప ఆ హద్దు దాటినప్పుడు చట్టం దాని వెంట వెళ్ళదు. హద్దు దాటిన తరువాత అది ఎక్కడికి పోతున్నది, అక్కడ దానికి ఏమవుతున్నది అన్న ప్రశ్నలే ఈ పరిశీలనకు మూలం.

చేప పరిచయం

దీని శాస్త్రీయ నామం రింకోడాన్ టైపస్. 1828లో దక్షిణాఫ్రికాలోని టేబుల్ అఖాతంలో దొరికిన ఒక చేపను పరిశీలించి, ఆండ్రూ స్మిత్ అనే వైద్యుడు దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పేరులో తిమింగలం ఉన్నప్పటికీ ఇది తిమింగలం కాదు. తిమింగలం ఊపిరితిత్తులతో గాలి పీల్చే క్షీరదం, ఇది మొప్పలతో శ్వాసించే సొర జాతి చేప. 18 మీటర్ల వరకు పెరిగిన చేపలు నమోదైనప్పటికీ, తీరాల దగ్గర సాధారణంగా కనిపించేవి 4 నుండి 10 మీటర్ల పొడవు ఉంటాయి. ఇంత పెద్ద నోరు ఉన్నా ఇది మనిషి జోలికి రాదు. నీటిలో తేలియాడే సూక్ష్మజీవులను, చేపగుడ్లను, చిన్న చేపలను నీటితో సహా మింగి, నీటిని మొప్పల గుండా వడగట్టి వదులుతుంది. మధ్యధరా సముద్రం తప్ప మిగిలిన ఉష్ణమండల సముద్రాలన్నిటిలోను ఇది నివసిస్తుంది.

ఈ చేప సంతానోత్పత్తి గురించి తెలిసినది చాలా తక్కువ. 1953లో మెక్సికో సింధుశాఖలో పిల్లతో కూడిన ఒక గుడ్డు తిత్తి దొరకడంతో ఇది గుడ్లు పెట్టే చేప అని చాలాకాలం భావించారు. 1995లో తైవాన్ దగ్గర పట్టుబడిన ఒక ఆడచేప గర్భంలో సుమారు 300 పిల్లలు కనిపించడంతో, గుడ్లు తల్లి కడుపులోనే పొదగబడి పిల్లలు పుడతాయని తేలింది. పెరుగుదల కూడా చాలా నెమ్మది. చెట్టు కాండంలో వలెనే దీని వెన్నుపూసలలోను వలయాలు ఏర్పడతాయి. 1950, 60 దశకాలలో జరిగిన అణుబాంబు పరీక్షల వలన సముద్రంలో కలిసిన కార్బన్‌ను ఆధారంగా చేసుకొని ఆ వలయాలను లెక్కించగా, పాకిస్తాన్‌లో దొరికిన ఒక చేప వయసు 50 ఏళ్ళని 2020లో నిర్ధారించారు. ఆలస్యంగా ఈడుకు వచ్చే ఇటువంటి జీవిలో ఒక పెద్ద ఆడచేప చనిపోతే ఆ లోటు తీరడానికి దశాబ్దాలు పడుతుంది.

చుక్కలను బట్టి గుర్తించడం

తిమింగల సొర వీపుమీద బూడిదరంగు నేలపై తెల్లని చుక్కలు, గీతలు ఉంటాయి. మనుషుల వేలిముద్రల వలెనే ఏ రెండు చేపల చుక్కల అమరికా ఒకటిగా ఉండదు, వయసు పెరిగినా అమరిక మారదు. ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని నింగలూ పగడపు దిబ్బల వద్ద బ్రాడ్ నార్మన్ అనే శాస్త్రజ్ఞుడు 1990లలో ఈ ఫోటోలను సేకరించడం మొదలుపెట్టాడు. అయితే ఫోటోల సంఖ్య వందలు దాటేసరికి కంటితో పోల్చడం అసాధ్యమైంది.

ఈ చిక్కును తీర్చినది ఖగోళ శాస్త్రం. ఎడ్వర్డ్ గ్రోత్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1986లో నక్షత్రాల ఛాయాచిత్రాలను పోల్చడానికి ఒక గణిత పద్ధతిని రూపొందించాడు. చిత్రంలోని మూడేసి నక్షత్రాలను కలుపుతూ త్రిభుజాలు గీసి, వాటి ఆకారాలను మరొక చిత్రంలోని త్రిభుజాలతో సరిచూడటం ఆ పద్ధతి సారాంశం. నల్లని ఆకాశంలో తెల్లని చుక్కలకు పనికివచ్చినది బూడిదరంగు వీపుపై తెల్లని చుక్కలకు మాత్రం ఎందుకు పనికిరాదు? నాసాలో పనిచేస్తున్న ఖగోళ భౌతిక శాస్త్రవేత్త జావెన్ అర్జుమానియన్, కంప్యూటర్ నిపుణుడు జేసన్ హోమ్‌బర్గ్, నార్మన్ కలిసి ఆ పద్ధతిని చేపకు అన్వయించి 2005లో పరిశోధన పత్రం ప్రచురించారు. ఈ కృషికి 2006లో నార్మన్‌కు రోలెక్స్ పురస్కారం లభించింది.

ఫోటో ఎక్కడ తీయాలన్నదానికి ఒక నియమం ఉన్నది. అయిదవ మొప్ప చీలికకు వెనుక, పక్క రెక్కకు పైభాగాన ఉండే ప్రాంతాన్ని, ముఖ్యంగా ఎడమ వైపున, చేపకు సమాంతరంగా నిలిచి తీయాలి. తల లేదా తోక మాత్రమే ఉన్న ఫోటోలు ఎంత అందంగా ఉన్నా గుర్తింపుకు పనికిరావు. శాస్త్రజ్ఞులే కాక సాధారణ ఈతగాళ్ళు, పర్యాటకులు పంపిన ఫోటోలు కూడా ఇందులో చేరుతాయి. 1992 నుండి 2014 వరకు 54 దేశాల నుండి వచ్చిన 28,776 నమోదులను పరిశీలించి, 6,091 వేర్వేరు చేపలను గుర్తించినట్లు 2017లో ప్రకటించారు. ఈ చేపలు గుంపుగా చేరే 20 ప్రధాన స్థలాలు కూడా అందులో తేలాయి.

ఆ స్థలాలలో కనిపించే చేపలలో ఎక్కువ భాగం ఇంకా ఈడుకు రాని మగపిల్లలే కావడం గమనార్హం. పెద్ద ఆడచేపలు ఎక్కడ ఉంటున్నాయో ఫోటోలు చెప్పలేవు, మనిషి వెళ్ళని చోట ఫోటో తీసేవారు ఉండరు కదా. ఆ పనికి రెండవ మార్గమే దిక్కు.

ఉపగ్రహ పరికరాలు

సొర చేపను ఉపగ్రహం ద్వారా అనుసరించడం స్కాట్లాండ్‌లోని క్లైడ్ సముద్రశాఖలో 1982లో జరిగింది. ఇమాంట్స్ ప్రీడ్ అనే శాస్త్రజ్ఞుడు బాస్కింగ్ షార్క్ అనే మరొక జాతి పెద్ద సొరను 17 రోజులపాటు అనుసరించాడు. తిమింగల సొరలపై ఇటువంటి ప్రయత్నం 1990లలో మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖలో జరిగింది.

ఇందులోని ప్రధాన సమస్య ఏమిటంటే రేడియో తరంగాలు ఉప్పునీటి గుండా పోలేవు. చేప నీటి అడుగున ఉన్నంతసేపు ఉపగ్రహానికి అది లేనట్లే. కనుక రెండు రకాల పరికరాలు వాడుకలోకి వచ్చాయి.

మొదటి రకాన్ని వీపు రెక్కకు బిగిస్తారు, లేదా సన్నని తీగతో చేప వెనుక తేలుతూ వచ్చేటట్లు కడతారు. చేప పైకి వచ్చినపుడు పరికరం సంకేతం పంపుతుంది. దానిని ఆర్గోస్ అనే ఉపగ్రహ వ్యవస్థ అందుకుంటుంది. దగ్గరకు వచ్చే రైలు కూత సన్నగాను, దూరమయ్యే రైలు కూత బొంగురుగాను వినిపిస్తుంది. అదే విధంగా ఉపగ్రహం దగ్గరవుతున్నప్పుడు, దూరమవుతున్నప్పుడు సంకేతపు పౌనఃపున్యంలో వచ్చే తేడాను బట్టి పరికరం ఉన్న చోటును లెక్కకడతారు. దీనినే డాప్లర్ సూత్రం అంటారు.

రెండవ రకం పరికరం చేపతోపాటు మునిగి తిరుగుతూ లోతును, నీటి ఉష్ణోగ్రతను, వెలుతురును తనలో నమోదు చేసుకుంటుంది. ముందుగా నిర్ణయించిన రోజున, ఉదాహరణకు ఆరు నెలల తరువాత, దానిలోని విద్యుత్తు వలన బంధనపు లోహపు ముక్క కరిగి తెగిపోతుంది. పరికరం పైకి తేలి, దాచుకొన్న సమాచారాన్ని ఉపగ్రహానికి పంపుతుంది. చేప తిరిగిన దారిని ఇక్కడ వెలుతురును బట్టి అంచనా వేస్తారు. పగటి పొడవు అక్షాంశాన్ని, మధ్యాహ్నం అయిన సమయం రేఖాంశాన్ని తెలుపుతాయి. పూర్వం నావికులు సూర్యుని చూసి ఓడ ఉన్న చోటు లెక్కించిన విధానానికి ఇది దగ్గరి చుట్టం. మార్చి, సెప్టెంబరు మాసాలలో విషువత్తు సమీపించినపుడు భూమిపై అన్నిచోట్ల పగలు, రాత్రి సమానంగా ఉంటాయి కాబట్టి, ఆ రోజులలో అక్షాంశం లెక్క బాగా తప్పుతుంది.

లోతు వలన కూడా ఇబ్బంది కలదు. మెక్సికో సింధుశాఖలో ఒక తిమింగల సొర 1,928 మీటర్ల లోతుకు దిగినట్లు నమోదైంది. అంత లోతున నీటి ఒత్తిడికి పరికరాలు నలిగిపోతాయి. అందుకని సుమారు 1,800 మీటర్లు దాటగానే తనంతట తాను తెగిపోయే అమరికను కొన్నిటిలో పెడతారు. పరిశీలన మధ్యలో ఆగిపోయినా, అంతవరకు నమోదైన సమాచారం దక్కుతుంది.

సుదీర్ఘ యాత్రలు, సందేహాలు

మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం దగ్గర 2007 ఆగస్టులో రాబర్ట్ హ్యూటర్ బృందం ఒక పెద్ద ఆడచేపకు పరికరం తగిలించి దానికి 'రియో లేడీ' అని పేరు పెట్టింది. అది 150 రోజులలో 7,213 కిలోమీటర్లు ప్రయాణించి, భూమధ్యరేఖను దాటి, బ్రెజిల్‌కు ఆఫ్రికాకు మధ్య ఉన్న నడిసముద్రానికి చేరింది. గర్భంతో ఉన్న చేపలు పిల్లలను పెట్టడానికి ఆ నడిసముద్రానికి పోతున్నాయేమో అని పరిశోధకులు ఊహించారు. ఇది ఊహ మాత్రమే.

ఇంతకంటె పొడవైన యాత్ర 'ఆన్' అనే ఆడచేపది. పనామాలోని కోయిబా దీవి దగ్గర 2011లో స్మిత్‌సోనియన్ ఉష్ణమండల పరిశోధన సంస్థకు చెందిన హెక్టర్ గుజ్మాన్ దీనికి పరికరం అమర్చాడు. 266 రోజుల తరువాత సంకేతాలు ఆగిపోయాయి. మరి 235 రోజులకు హవాయి దీవులకు దక్షిణాన అవి మళ్ళీ మొదలయ్యాయి. మొత్తం 841 రోజులలో 20,142 కిలోమీటర్ల దూరం దాటి, పసిఫిక్ ఆవలి అంచున ఉన్న మరియానా అగాధం దాకా సంకేతాలు అందాయి. ఈ వివరాలు 2018లో ప్రచురింపబడ్డాయి.

ఇటువంటి అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. చేప నుండి ఊడిపోయిన పరికరం కూడా నీటిమీద తేలుతూ సంకేతాలు పంపుతూనే ఉంటుంది. సముద్ర ప్రవాహాలు దానిని వేల కిలోమీటర్లు మోసుకుపోగలవు. 1990లలో ఒక చేప 37 నెలలలో 13,000 కిలోమీటర్లు దాటి పసిఫిక్ పశ్చిమ భాగానికి చేరిందని ప్రకటించినపుడు, అందులో కొంత భాగం చేప ప్రయాణం కాక ఊడిన పరికరపు ప్రయాణం కావచ్చునని తరువాతి పరిశోధకులు సందేహించారు. పరికరం పంపే లోతు, ఉష్ణోగ్రతలు చూస్తే అది చేపతోనే ఉన్నదా, ఊరికే తేలుతున్నదా అన్నది చాలావరకు తెలుస్తుంది. ఆ వివరాలు లేని పాత నమోదులను యథాతథంగా స్వీకరించరాదు.

అలాగని ఈ చేపలు ఇంటిపట్టున ఉండేవని కూడా కాదు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల చేపలు జన్యుపరంగా ఒక వర్గం, అట్లాంటిక్ చేపలు మరొక వర్గం అని 2014లో తేలింది. రెండు మహాసముద్రాలలో చెదరి ఉన్న చేపలు ఒకే వర్గంగా నిలవాలంటే, తరతరాలుగా వాటి మధ్య రాకపోకలు ఉండి తీరాలి.

భారతదేశంలో

గుజరాత్‌లోని సౌరాష్ట్ర తీరంలో 1980ల చివర నుండి తిమింగల సొరల వేట పెద్ద యెత్తున సాగింది. కాలేయం నుండి తీసిన నూనెను పడవల చెక్కలకు నీరు పట్టకుండా పూసేవారు. మాంసం విదేశాలకు ఎగుమతి అయ్యేది. గాలపు త్రాళ్ళకు పీపాలు కట్టి చేపను అలసిపోయేటట్లు చేసి పట్టేవారు కాబట్టి, అక్కడివారు దీనిని 'బ్యారెల్' అనే పిలిచేవారు. మైక్ పాండే 2000లో తీసిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అనే డాక్యుమెంటరీ చిత్రం ఈ వేటను దేశం దృష్టికి తెచ్చింది. 2001 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఈ చేపను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి, ఏనుగుకు ఉన్న రక్షణే దీనికీ లభించింది. చేప జాతులలో ఆ జాబితాలోకి ఎక్కిన మొదటిది ఇదే.

చట్టం వచ్చినంత మాత్రాన వేట ఆగదు. వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ, టాటా కెమికల్స్ కలిసి 2004లో వెరావల్ పరిసరాలలో ప్రచారం మొదలుపెట్టాయి. రామకథా ప్రవచనకర్త మొరారీ బాపు ఈ చేపను పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్లతో పోల్చి, ఇంటికి వచ్చిన బిడ్డను చంపుతారా అని మత్స్యకారులను అడిగాడు. చేపకు 'వ్హాలీ', అనగా ప్రియమైనది, అనే పేరు స్థిరపడింది. చేప నిజంగా ప్రసవానికే ఆ తీరానికి వస్తున్నదని ఈనాటికీ రుజువు కాలేదు, కాని ఆ పోలిక చేసిన మేలు మాత్రం కాదనలేనిది. వలలో పడిన చేపను వల కోసి వదిలిపెట్టే మత్స్యకారునికి ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది. మత్స్యకారులే కెమెరాతో ఫోటో తీసి రుజువుగా చూపే ఏర్పాటు కూడా చేశారు. అధికారి వచ్చేదాకా చేపను వలలో ఉంచవలసిన పని తప్పింది. ఇప్పటివరకు తొమ్మిది వందలకు పైగా చేపలు ఈ విధంగా విడుదలయ్యాయి.

వెరావల్ మరపడవలపై పనిచేసేవారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి వలస వెళ్ళిన తెలుగు మత్స్యకారులు వేల సంఖ్యలో ఉన్నారు. 2020 లాక్‌డౌన్ కాలంలో వారు అక్కడ చిక్కుకుపోవడంతో ఈ సంగతి చాలామందికి తెలిసింది. కనుక వలలో చేప పడినపుడు ఏమి చేయాలన్నది గుజరాతీలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఈ విడుదలల వెంటనే సంచార పరిశీలన వచ్చింది. 2011లో సూత్రాపాడ సమీపంలో భారతదేశపు జలాలలో మొదటిసారిగా ఒక తిమింగల సొరకు ఉపగ్రహ పరికరం అమర్చారు. తరువాతి సంవత్సరాలలో మరికొన్నిటికి అమర్చారు. వేరే దేశాలలో ఈతగాళ్ళు నీటిలో దిగి పొడవాటి కర్రతో పరికరాన్ని గుచ్చుతారు. గుజరాత్‌లోనైతే వలలో చిక్కిన చేపే అవకాశం. వల కోసే సమయంలోనే, చేపకు అలసట కలుగకముందే, పని ముగించాలి. మత్స్యకారుడు కబురు పంపకపోతే శాస్త్రజ్ఞునికి చేపే లేదు.

ఆంధ్రప్రదేశ్ తీరంలో కూడా ఈ చేప అప్పుడప్పుడు వలలకు చిక్కుతుంది. 2022 ఫిబ్రవరిలో, నేటి అనకాపల్లి జిల్లాలోని తంతడి తీరంలో సుమారు రెండు టన్నుల చేప వలలో చిక్కి ఒడ్డుకు చేరగా, అటవీశాఖవారు, మత్స్యకారులు, వన్యప్రాణి ప్రేమికులు కలిసి దానిని తిరిగి లోతు నీటికి పంపారు. చుక్కలను సరిచూడటానికి దాని ఫోటోలను మాల్దీవుల తిమింగల సొర పరిశోధన బృందానికి పంపారు. మాల్దీవులలో ఈ చేపలను పట్టడం 1995 నుండి నిషిద్ధం, అక్కడ చాలా ఏళ్ళుగా ఫోటోల భాండారం నిర్వహిస్తున్నారు.

ఓడల ప్రమాదం

వేట తగ్గిన తరువాత కూడా చేపల సంఖ్య అనుకున్నంతగా పెరగకపోవడం పరిశోధకులను కలవరపెట్టింది. తిమింగల సొర ఆహారం కోసం నీటి ఉపరితలానికి దగ్గరగా, నెమ్మదిగా ఈదుతుంది. పెద్ద ఓడ దానిని ఢీకొన్నా ఓడలోనివారికి తెలియదు. తిమింగలాల కళేబరం కొన్నిసార్లు తేలి ఒడ్డుకు కొట్టుకువస్తుంది, సొర మాత్రం చచ్చిన వెంటనే మునిగిపోతుంది. శవం లేని మరణానికి లెక్క ఉండదు.

ఇంగ్లండులోని ప్లిమత్‌లో ఉన్న మెరైన్ బయొలాజికల్ అసోసియేషన్‌కు చెందిన ఫ్రేయా వామర్స్‌లీ, డేవిడ్ సిమ్స్ అనేక దేశాల పరిశోధకులతో కలిసి ఈ లెక్క తీయడానికి పూనుకున్నారు. 2005 నుండి 2019 వరకు ఉపగ్రహ పరికరాలు ధరించిన 348 చేపల దారులను, ఓడలు తమ ఉనికిని తెలుపుతూ పంపే సంకేతాలతో పోల్చి చూశారు. 2022లో ప్రచురించిన ఫలితాల ప్రకారం చేపలు సంచరించే ప్రాంతంలో 92 శాతం పెద్ద ఓడల దారులతో కలుస్తున్నది. చేపల పరికరాల నుండి సంకేతాలు ఆగిపోవడం, పరికరాల వైఫల్యం వలన జరగవలసినదానికంటె, రద్దీ ఓడదారులలో ఎక్కువగా ఉన్నది. లోతును కూడా నమోదుచేసే కొన్ని పరికరాలలో మరింత స్పష్టమైన సాక్ష్యం దొరికింది. చేప ఓడదారిలో ప్రవేశించింది, ఆ తరువాత నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా, వందల మీటర్ల దిగువన ఉన్న సముద్రపు అడుగుకు చేరింది. బ్రతికిన చేప అలా దిగదు.

సముద్రం వేడెక్కుతున్నకొద్దీ ఈ చేపలు కొత్త ప్రాంతాలకు జరుగుతాయని, అక్కడ ఓడల రద్దీ ఎదురుకావచ్చునని అదే బృందం 2024లో హెచ్చరించింది.

రక్షణ చర్యలతో సంబంధం

భారతదేశం, ఫిలిప్పీన్స్ తదితర దేశాల ప్రతిపాదనపై 2002లో ఈ చేపను అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందపు (సైటీస్) రెండవ అనుబంధంలో చేర్చారు. వలసజీవుల ఒప్పందం 2017లో దీనిని తన మొదటి అనుబంధంలో చేర్చింది. ఈ చేప ఒక దేశపు సొత్తు కాదన్న వాదనకు, దేశాల సరిహద్దులు దాటిన చేపల దారులే ఆధారంగా నిలిచాయి.

ఓడల విషయంలో మాత్రం చేయవలసినది ఇంకా చాలా ఉన్నది. పనామా సింధుశాఖలో హంప్‌బ్యాక్ తిమింగలాల సంచారాన్ని గుజ్మాన్ ఇదేవిధంగా ఉపగ్రహాల ద్వారా నమోదుచేసి, ఓడల దారులను వేరుచేయాలని ప్రతిపాదించాడు. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ దానిని ఆమోదించగా 2014 డిసెంబరు నుండి ఓడలు నిర్ణీత దారులలో నడుస్తున్నాయి, తిమింగలాలు వచ్చే కాలంలో వేగం తగ్గించవలసిందిగా సూచన కూడా ఉన్నది. తిమింగల సొరలు గుంపుగా చేరే చోట్ల కూడా ఇటువంటి ఏర్పాటు కావాలని పరిశోధకులు కోరుతున్నారు. ఏడాదిలో ఏ నెలలలో, ఏ కొద్దిపాటి జలభాగంలో ఓడలు నెమ్మదించాలో చెప్పగలిగితేనే నౌకా సంస్థలు వింటాయి. ఆ నెలలను, ఆ జలభాగాన్ని చూపేది సంచార పరిశీలన ఒక్కటే. అరేబియా సముద్రంలో సౌరాష్ట్ర తీరం దాటిన చేపలు ఏ ఓడదారులను ఏ కాలంలో అడ్డుగా దాటుతున్నాయో నిర్ధారించడానికి, ఇంతవరకు అక్కడ అమర్చిన కొద్ది పరికరాలు చాలవు.